ఇస్త్రీ వదిన గదిలో నేల వెచ్చబడిన సంగతి

ఇస్త్రీ వదిన తన అత్తగారిని కావాలనే కాలే నేల మీద పడుకోబెట్టిందని మీ చెవిన కూడా పడే ఉంటుంది. కూరగాయల బండి దగ్గర ఒక రకంగా, బస్సులో ఇంకో రకంగా చెప్పుకుంటున్నారు. నేల కింద ఏదో ఉందని ఆమెకి ముందే తెలుసట. బట్టలు తొందరగా ఆరుతున్నాయి కదా అని నోరు కుట్టేసుకుని కూర్చుందట. ముసలామె పోతే పీడ విరగడవుతుందని అనుకుందట. ఈ చివరి మాట ఎవరు పుట్టించారో నాకు తెలుసు. పైకి చెప్పను, వాళ్ళ జాకెట్లు కూడా నేనే కుడతాను.

అదంతా తప్పు. నా మిషను వాళ్ళ షాపుకి ఎదురుగానే ఉంటుంది. ఆ రోజు ఫోను నా చేతిలోనే ఉంది. దాచిందా అంటే, దాచింది. ఎందుకు దాచిందో ఎవరూ అడగలేదు, అదే నా బాధ.

వదిన సన్నటి మనిషి. మనుషులతో పొదుపుగా మాట్లాడుతుంది కానీ చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంటే చొక్కాలతో మాత్రం తెగ మాట్లాడుతుంది. "మీ అయ్యగారు చెయ్యెక్కడ తుడుచుకుంటాడో నాకు తెలుసులే" అని జేబుల్ని దెప్పుతుంది. షాపులో రెండు గదులు. ముందు గదిలో బల్ల. వెనక గదిలో లాడ్జీల దుప్పట్లు ఆరేసే తాళ్ళు, ఆ తాళ్ళ కింద, గోడవారగా అత్తగారి మంచం. ఇల్లు వెనక సందులో ఉంది, కానీ మోకాళ్ళు పట్టేసిన మనిషిని ఒంటరిగా ఎలా వదుల్తుంది? అందుకని రోజూ పొద్దున్నే వాళ్ళాయన తల్లిని స్కూటర్ మీద తెచ్చి గుమ్మం దగ్గర దింపి పనికి పోతాడు. సాయంత్రం మళ్ళీ తీసుకెళతాడు.

వాళ్ళాయన్ని అందరూ ఆవిరాయన అంటారు. చమురు బావుల దగ్గర ఆవిరి ఎక్కించే పని. తెలియనివాళ్ళకి ఒక ముక్క చెబుతాను. మా దగ్గర భూమిలో చమురు ఉంది కానీ పైకి తన్నుకొచ్చే రకం కాదు. చలికాలంలో సీసాలో కొబ్బరినూనె బిగుసుకుపోదూ, అలా కింద రాళ్ళ సందుల్లో బిగుసుకుని కూర్చుంటుంది. మోటార్లు పెట్టి ఎంత లాగినా కదలదు. అందుకని కంపెనీవాళ్ళు పెద్ద పెద్ద బాయిలర్లలో నీళ్ళు మరిగించి, ఆ ఆవిరిని ఒక బావిలోకి ఎక్కిస్తారు. అది కిందికి పోయి చమురుని కరిగించి పక్కకి తోస్తే, ఇంకో బావిలోంచి తోడుకుంటారు. బావి అంటే గిలకా చేదా కాదు, భూమిలోకి దిగ్గొట్టిన ఇనప గొట్టం. ఆవిరాయన ఎక్కించే బావి దగ్గర ఉంటాడు. చక్రం తిప్పుతూ ఆవిరి ఎంత పోవాలో అంత పోనిస్తాడు, గడియారం లాంటి దాని మీద ఒత్తిడి ముల్లు చూస్తూ ఉంటాడు. "ఏం అన్నయ్యా, రోజంతా భూమికి ఆవిరి పడుతున్నావా, జలుబు చేసిందా దానికి?" అని నేనంటే నవ్వేవాడు.

ఇక గోడకి అవతల బేకరీ. అది వదిన సొంత అన్నయ్యది. రెండు షాపులకీ ఒకటే గోడ. అన్నయ్య పెద్ద పొయ్యి కట్టించుకున్నప్పుడు ఆ గోడకి ఆనించి కట్టించాడు. అక్కడ మొదలైంది.

"మీ అన్నకి చెప్పు, ఆ సెగకి గోడ పగులుతుందని," అన్నాడు ఆవిరాయన. అన్నయ్య మూరెడు దూరంలోనే ఉన్నాడు.

"మీ ఆయనకి చెప్పు, ఆవిరి పట్టేవాళ్ళకి నిప్పు సంగతి తెలీదని," అన్నాడు అన్నయ్య.

"ఇద్దరికీ చెవులున్నాయిగా, మధ్యలో నేనెందుకు పోస్టు డబ్బాలాగా?" అంది వదిన.

అందరం నవ్వాం. కానీ ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకసారి మాట మీద మాట పెరిగి ఇద్దరూ వీధిలోనే కలబడ్డారు. బావగారి చొక్కా చిరిగింది, బావమరిది పెదవి చిట్లింది. విడదీయడానికి వెళ్ళిన వదిన కిందపడింది. ఆ తర్వాత ఆవిరాయన ఆ గోడ మొహం చూడనని ఒట్టేసుకుని వెనక గదిలోకి అడుగు పెట్టడం మానేశాడు. మోచెయ్యికి పసుపు రాసుకుంటూ వదిన నాతో అంది, "ఇంకోసారి ఇలా జరిగితే నాకు మొగుడన్నా మిగులుతాడు, అన్నన్నా మిగులుతాడు. ఇద్దరూ మాత్రం మిగలరు." సరదాకి అన్న మాట కాదది. అమ్మా నాన్నా పోయాక ఆమెని పెంచింది ఆ అన్నే.

నేల వెచ్చబడిన సంగతి ముందు కనిపెట్టింది అత్తగారే. మంచం దిగుతూ కాలు ఆనించి, "కోడలా, ఈ మూల బండలు గోరువెచ్చగా ఉన్నాయేంటే?" అంది. కాసేపటికి మంచం వదిలేసి కింద చాప పరిపించుకుంది. "అబ్బ, ఎవరో కాపడం పెడుతున్నట్టుంది. ఇన్నాళ్ళూ ఆ డాక్టరుగారి మాత్రలు దండగ."

వదిన వంగి చెయ్యి పెట్టి చూసింది. గోడవారగా ఉంది వేడి. గోడకి అవతల పొయ్యి. ఇంక ఆలోచించడానికేముంది? మీరైనా, నేనైనా అదే అనుకుంటాం.

"అత్తయ్యా, మీ అబ్బాయికి మాత్రం చెప్పకండి."

"నేనెందుకు చెబుతానే? చెబితే వాడు ఆ పొయ్యి పీకించేదాకా ఊరుకుంటాడా? అప్పుడు నా మోకాళ్ళ గతేంటి?"

అదీ సంగతి. దాచింది వదిన ఒక్కతే కాదు, అత్తాకోడళ్ళు ఇద్దరూ. అత్తగారు మోకాళ్ళ కోసం, కోడలు ఇద్దరు మగాళ్ళ కోసం. దుప్పట్లు తొందరగా ఆరాయా? ఆరాయి. ఆరితే ఆరుతాయి, ఆమె ఆరొద్దని చెప్పాలా?

అదే సమయంలో ఆవిరాయనకి పని దగ్గర కష్టం మొదలైంది. ఎక్కించే ఆవిరి ఎక్కిస్తూనే ఉన్నా ముల్లు దిగుతోంది. తోడే బావిలో చమురేమీ పెరగడం లేదు. మరి అంత ఆవిరీ ఎటు పోతున్నట్టు? పైపు పొడుగునా నడిచి ప్రతి అతుకూ చూశాడు. ఎక్కడా చుక్క కారడం లేదు. సూపర్‌వైజరు మాత్రం, "నువ్వు చక్రం దగ్గర నిద్రపోతున్నావా ఏంటి?" అన్నాడు. ఆ మాట ఆయనకి ముల్లులా గుచ్చుకుంది. సాయంత్రం షాపు మెట్టు మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు.

"కాస్త టీ తాగండి," అనేది వదిన.

"ఆవిరి ఎటో పోతోందే. కళ్ళముందు ఎక్కిస్తున్నా, మాయమైపోతోంది."

"దొరుకుతుందిలెండి, ఎక్కడికి పోతుంది?"

అలా అన్న మనిషికి ఒక్క గది అవతల, నేల కిందే ఉంది అది.

ముల్లు దిగుతోందని ఆఫీసువాళ్ళు ఏం చేశారో తెలుసా? ఆవిరి పెంచమన్నారు. పెంచాడు. వెనక గదిలో వేడి పెరిగింది. మళ్ళీ ముల్లు దిగింది, మళ్ళీ పెంచారు. అత్తగారు చాప మీద బొంత పరిపించుకుంది, బొంత మీద ఇంకో బొంత వేయించుకుంది. "మీ అన్న ఈ మధ్య మరీ రెచ్చిపోతున్నాడే. కాస్త తగ్గించమని చెప్పు. పూర్తిగా వద్దు, కాస్త."

వదిన కొంగు నడుముకి దోపుకుని బేకరీకి వెళ్ళింది.

"అన్నయ్యా, మంట కొంచెం తగ్గించవా?"

"మీ ఆయన పంపించాడా?"

"ఆయనకి ఏమీ తెలీదు. నేనే అడుగుతున్నా. గోడ వేడెక్కుతోంది."

అన్నయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు కానీ చెల్లెలి మాట తీసెయ్యలేదు. కట్టెలు తగ్గించాడు. బన్నులు పాలిపోయి వచ్చాయి. "ఇవి కాల్చావా నాయనా, ఎండలో పెట్టావా?" అని అందరూ ఎగతాళి చేస్తుంటే పళ్ళ బిగువున భరించాడు. నేల వేడి మాత్రం తగ్గలేదు. అన్నయ్య మాటిచ్చి తప్పుతున్నాడని వదిన, ఇంత చేసినా చెల్లెలు మొహం మాడ్చుకుంటోందని అన్నయ్య. వాళ్ళిద్దరికీ కూడా మాటలు తగ్గిపోయాయి.

తర్వాత వాసన మొదలైంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన, దానికి కిరసనాయిలు కలిసినట్టు. కాలవ పొంగిందనుకున్నాం. ఒక బండ అంచు లేచింది. గోడ మొదట్లో చెమ్మ పట్టింది. ఆరేసిన దుప్పట్లకి అదే వాసన పట్టుకుంటే లాడ్జీవాళ్ళు తిప్పి పంపారు. లాభం చూసుకుందన్నవాళ్ళు ఆ రోజు చూసి ఉండాల్సింది. వదిన ఆ దుప్పట్లన్నీ మళ్ళీ ఉతికింది.

అసలు సంగతి జరిగిన రోజు పొద్దున, పోయిన ఆవిరి సంగతేంటో తేల్చమని పెద్దాఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మ వచ్చిందట. ఆమె వచ్చేలోపే సూపర్‌వైజరు ఆవిరి ఇంకా పెంచించాడు. ఇక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు బొంతల మీద నిద్రపోయింది. బట్టలు తీయడానికి వెళ్ళిన వదిన ఒక్కసారి కాలు వెనక్కి లాక్కుంది. చెప్పు అడుగు మెత్తబడి బండకి అతుక్కుంది.

అంతే, ఆమెకి కోపం తలకెక్కింది. చెప్పు అక్కడే వదిలేసి, ఒంటికాలి చెప్పుతో వీధిలోకి వచ్చి బేకరీలోకి దూసుకుపోయింది. "ఇవాళ వీడి సంగతో నా సంగతో తేలిపోవాలి" అనుకుంటూ వెళుతుంటే నేను మిషను ఆపేసి వెనకాలే వెళ్ళాను.

అన్నయ్య కనిపించలేదు. పొయ్యి నోట్లోంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి వేలాడుతున్నాయి.

"అన్నయ్యా!"

లోపల్నించి గొంతు గింగురుమంది. "ఏంటే? ఉండు, ఇటుక జారుతుంది."

నిండా మసితో, తాపీతో వెనక్కి పాక్కుంటూ వచ్చాడు. లోపలి ఇటుకలు మారుస్తున్నాడు. వదిన అతన్ని పక్కకి నెట్టి పొయ్యిలోకి భుజం దాకా చెయ్యి పెట్టింది. చల్లగా ఉంది.

"ఎప్పట్నుంచి ఆపావు?"

"నిన్న పొద్దున్నుంచి మండితే ఒట్టు. నీకు చెబుదామంటే నువ్వు మాట్లాడటం లేదుగా. అమ్మకానికి రొట్టెలు కూడా బయట్నుంచి తెప్పించా, చూడు."

వదిన చెయ్యి పొయ్యిలోంచి తీయలేదు. నేను ఆమె ముఖమే చూస్తున్నా. కోపం దిగిపోయి, ఆ చోట ఇంకేదో వచ్చింది. ఇస్త్రీ పెట్టె తెల్లచొక్కా మీద మర్చిపోయామని గుర్తొస్తే ఎలా ఉంటుందో అలా.

"మరి ఆ వేడి ఎక్కడిదిరా అన్నయ్యా?" అంది. ఎన్నడూ మర్యాద తప్పని పిల్ల, అన్నని రా అనేసింది. వాళ్ళిద్దరికీ అది తెలియనే లేదు.

ముగ్గురం పరుగెత్తాం. గుమ్మంలోనే ఆగిపోయాం. వెనక గదిలో బండల సందుల్లోంచి తెల్లగా, సన్నగా ఆవిరి లేస్తోంది. వదిన వదిలేసిన చెప్పు వంకర తిరిగి ఉంది. గది మధ్యలో నేల కాస్త దిగినట్టుంది. అవతలి గోడవారగా, బొంతల మీద అత్తగారు నోరు తెరిచి నిద్రపోతోంది.

వదిన గడప దాటి ఒక అడుగు వేసింది. బండ ఊగింది. కింద గుడగుడమని చప్పుడు, అన్నం కుండ ఉడికినట్టు. అన్నయ్య ఆమె జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు.

వదిన ఆవిరాయనకి ఫోను చేసింది. అందరికీ వినపడాలని ఫోను నేను తీసుకుని స్పీకరు నొక్కాను.

"ఏమండీ, మీ ఆవిరి ఎటు పోతోందో నాకు తెలిసింది."

"ఏంటి?"

"మన వెనక గదిలోకి. ఎప్పట్నుంచో వస్తోంది. అన్నయ్య పొయ్యి వేడనుకున్నా. మీకు చెబితే మళ్ళీ గొడవవుతుందని దాచా."

అవతల బాయిలర్ హోరు మధ్య ఆవిరాయన గొంతు పెంచాడు.

"అమ్మ ఎక్కడుంది?" అన్నాడు.

"అక్కడే. నిద్రపోతోంది."

ఆడగొంతు వచ్చింది. ఇంజనీరమ్మ. "అమ్మా, నేల మెత్తగా ఉందా? కదులుతోందా?"

"ఊగుతోందండీ. కింద ఉడుకుతోంది."

"ఎవరూ దాని మీద నడవకండి. పైన బండలు కనపడుతున్నా కింద మట్టి ఉండకపోవచ్చు. ఎప్పటిదో పాత బావి గొట్టం మీ కింద ఉండి ఉంటుంది, ఆవిరి దాని వెంట పైకొస్తోంది."

"మూసేస్తున్నా మేడమ్," అన్నాడు ఆవిరాయన.

"ఆగండి! ఒక్కసారిగా మూయొద్దు. ఇప్పుడు ఆ నేలని కింద్నుంచి ఎత్తి పట్టుకుని ఉన్నది ఆ ఆవిరేనేమో. అది చల్లారి నీరైపోతే ఆసరా పోతుంది, మొత్తం కూలొచ్చు."

"అలాగని వదిలేస్తే మా అమ్మ ఉడికిపోతుంది!"

"తెలుసు. కొంచెం కొంచెం తగ్గించండి. ఎంత మెల్లగా అంటే నాకు కూడా తెలీదు. నిజంగా తెలీదు. నేను ముల్లు చూస్తుంటా, మీరు చక్రం వదలకండి."

అక్కడ ఆ చక్రం తిప్పేవాడు ఆయన ఒక్కడే. తల్లి ఇక్కడ, చెయ్యి అక్కడ. రావడానికి లేదు.

అన్నయ్య అప్పటికే బేకరీలోకి పరుగెత్తి పిండి ఉండలు పేర్చే పొడుగాటి చెక్కలు చంకన పెట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ బల్ల కాళ్ళు తన్ని విరగ్గొట్టాడు. బల్ల పలకని గడప దగ్గర పడేసి, దాని మీంచి చెక్కలు ఒకదాని వెంట ఒకటి బొంతల వైపు తోశాడు. ఆ చప్పుడుకి అత్తగారికి మెలకువ వచ్చింది.

"ఏంటీ గోల? వాడెందుకొచ్చాడు ఇక్కడికి?"

"అత్తయ్యా, లేవకండి. కాలు కింద పెట్టకండి!" అంది వదిన.

"వాణ్ణి చూస్తూ పడుకోమంటావా? నా కొడుకు లేని టైం చూసి..."

"అత్తయ్యా, తర్వాత తీరిగ్గా తిట్టండి, నేనెక్కడికీ పోను," అన్నాడు అన్నయ్య. చెక్క మీద మోకాలు పెట్టగానే అది ఒక పక్కకి కుంగింది. పిండిబస్తా లాంటి మనిషి. చెక్క అంచున బురద బుడబుడా పొంగింది.

"నువ్వు దిగు," అంది వదిన. "నేను వెళతా."

"వద్దే."

"దిగమన్నానా!"

లాడ్జీ దుప్పట్లు రెండు ముడేసి, ఒక కొస అన్నయ్య చేతికిచ్చి, ఇంకో కొస తన నడుముకి కట్టుకుంది. చెక్కల మీద బోర్లా పడుకుని పాకడం మొదలెట్టింది. నేను ఫోను ఎత్తి పట్టుకుని గుమ్మానికి అతుక్కుపోయాను.

"ఏం జరుగుతోంది? ఎవరైనా చెప్పండి!" ఆవిరాయన అరుస్తున్నాడు.

అన్నయ్య దుప్పటి వదలకుండానే జవాబు చెప్పాడు. "చెల్లి పాకుతోంది బావా. సగం దూరం వెళ్ళింది. నువ్వు చెయ్యి బిగపట్టకు, మెల్లగా తిప్పు."

"తిప్పుతున్నా బావా. దాన్ని వదలకు."

"ప్రాణం పోయినా వదల్ను."

వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకుంటుంటే వింతగా చూడాల్సిన వీధి అంతా అప్పుడు గుమ్మం దగ్గర మూగి వదిన వైపే చూస్తోంది. వదిన బొంతలు చేరుకుంది. కింద పొర తడిసి పొగలు కక్కుతోంది. అత్తగారు అప్పుడు గానీ గోడ మొదట్లో ఆవిరి చూడలేదు. చూసి, కోడలి మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది.

"అత్తయ్యా, నా మెడ వదిలి బొంత అంచు పట్టుకోండి."

"వదల్నే. నన్ను వదిలి పోతావు."

"నేనెక్కడికి పోతానండీ, నడుముకి తాడుంది చూడండి. బొంత పట్టుకోండి అమ్మా."

ఆమెని ఎప్పుడూ అమ్మా అనలేదు వదిన. అత్తగారు బొంత పట్టుకుంది. నడుము కొస విప్పి వదిన ఆ ముడిని బొంతకీ అత్తగారికీ చుట్టింది. అంటే తనకి ఇక తాడు లేదు. అన్నయ్య అది చూశాడు, "ఏయ్!" అని అరిచాడు.

"లాగు!"

లాగాడు. నేనూ ఒక చేత్తో పట్టుకున్నా, వీధిలోవాళ్ళు వచ్చి చెయ్యేశారు. బొంత చెక్కల మీద జారుతూ, ఆగుతూ, జారుతూ వచ్చింది. వెనకాల వదిన దాన్ని నెడుతూ పాకుతోంది. చెక్క ఒకటి పక్కకి తొలిగింది. ఆమె కుడి చెయ్యి మోచేతి దాకా బండల మధ్య సందులోకి దిగిపోయింది. ఆమె అరవలేదు. అరిస్తే మేం ఆగిపోతామనుకుందట, తర్వాత చెప్పింది. ఎడమ చేత్తో నెడుతూనే ఉంది.

అత్తగారు గడప దాటింది. అన్నయ్య పొట్ట మీద పడుకుని చెయ్యి చాచి చెల్లెలి జుట్టు, జాకెట్టు, ఏది దొరికితే అది పట్టుకుని ఈడ్చాడు. ఇద్దరూ ముందు గదిలో పడ్డారు.

"వచ్చేశారు! వచ్చేశారన్నయ్యా, ఇద్దరూ!" అని ఫోనులో అరిచాను.

అవతల ఆవిరాయన ఏం చేశాడో నాకు తెలీదు. మమ్మల్నందరినీ వీధి అవతలికి పొమ్మని ఇంజనీరమ్మ మాత్రం గట్టిగా చెప్పింది. అంబులెన్సు వచ్చి అత్తాకోడళ్ళని ఎక్కించుకుంటుండగా వెనక గది దిగింది. పెద్ద చప్పుడేమీ లేదు. తాళ్ళు, దుప్పట్లు, మంచం, అన్నీ కలిసి మెల్లగా కిందికి పోయాయి. పొయ్యి ఉన్న గోడ కూడా దాని వెంటే పోయింది. కాసేపటికి ఆ గుంటలో నల్లటి బురద ఉడుకుతూ కనపడింది.

ఆవిరాయన ఆసుపత్రికి వచ్చేసరికి వదిన చేతికి కట్టు కడుతున్నారు. పక్కన కూర్చుని, "నాకెందుకు చెప్పలేదే?" అన్నాడు.

"చెబితే మీరేం చేసేవాళ్ళు?"

ఆయన ఆలోచించాడు. నిజం చెప్పాడు. "మీ అన్న మీదికి వెళ్ళేవాణ్ణి."

అవును మరి. వదిన చెప్పినా ఆయన ముందు పొయ్యినే తిట్టేవాడు. నేను కాదనను, ఒక్కరోజు ముందు ఎవరైనా ఆ గోడకి రెండు వైపులా చెయ్యి పెట్టి చూసి ఉంటే ఇంత జరిగేది కాదు. కానీ ఆ గోడకి రెండు వైపులా తిరగగలిగిన మనిషి ఇల్లు మొత్తానికి వదిన ఒక్కతే, ఆమె ఆ ఇల్లు నిలబెట్టే పనిలో ఉంది.

పాత గొట్టాన్ని కంపెనీవాళ్ళు పూడ్చారు. మా వరస షాపులు ఖాళీ చేయించారు, నా మిషను ఇప్పుడు వేరే చోట ఉంది. అన్నయ్య ఇంకొకళ్ళ బేకరీలో పని చేస్తున్నాడు. అత్తగారి వీపు మీద బొబ్బలు మానాయి, నోరు ఎప్పటిలాగే ఉంది. కోడలు చంపబోయిందని ఎవరో అనగానే ఊతకర్ర విసిరింది, తగల్లేదు, అదే ఆమె బాధ.

వదినే మారిపోయింది. కింది వాటాలో ఉండనంటే ఉండనంది. సైకిలు షాపు పైన మేడ గది తీసుకున్నారు. డాక్టరుకి చూపించాల్సి వచ్చినప్పుడల్లా అత్తగారిని అన్నయ్యే వచ్చి వీపున మోసుకుని మెట్లు దించుతాడు, ఆవిరాయన కింద స్కూటర్ పట్టుకుని నిలబడతాడు. వదిన మాత్రం దిగదు. రాత్రుళ్ళు లేచి నేల తడుముతుందట. కుడిచేతి వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవు, ఇస్త్రీ పెట్టె ముట్టుకోలేదు. నేను పోయినప్పుడల్లా టీ ఇస్తుంది, నేను మాటలు ఆపితే తనూ ఆపుతుంది.

నేనొక్కదాన్ని వెళితే చాలదు. ఆమె చేత చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నవాళ్ళు మీలో ఎంతమందో ఉన్నారు. ఒక సాయంత్రం ఆ మెట్లెక్కి తలుపు కొట్టండి. నేల సంగతి ఎత్తకండి, మీ ఇంటి గొడవలేవైనా చెప్పండి, వింటుంది. వెళ్ళి ఎలా ఉందో చూసి రండి.